బీరపాదు కింద ఎర్రలు

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో సూరీడమ్మ అని ఒకావిడ. ఆవిడకి మహా శుభ్రం పిచ్చి. ఈగ వాలినా గడప కడిగేది. నీలాగా మట్టికాళ్ళతో పక్కెక్కే రకం కాదులే!

వాళ్ళ పెరట్లో బీరపాదు ఉండేది. పాదు మొదట్లో ఒక గుంట. రాలినాకులు, కూరల తొక్కలు అందులో వేసి కుళ్ళనిచ్చేవాళ్ళు. ఆ కుళ్ళే తిని ఎర్రలు బతికేవి. ఎర్రలంటే వానపాములే. అవి తిని వదిలిన మట్టితో పాదు పచ్చగా ఉండేది.

సూరీడమ్మ కూతురు నూకాలు పురిటికొచ్చి పాపాయిని కంది. బాలింతకి బీరకాయ కూరే కదా పథ్యం! అప్పుడు వియ్యపురాలు బారసాలకి వస్తానని కబురంపింది. "అమ్మో, ఈ కుళ్ళు చూస్తే ఏమనుకుంటుందో!" అని సూరీడమ్మకి సిగ్గేసింది.

అప్పుడు ఆకులన్నీ ఊడ్చి తగలబెట్టేసింది. ఒక ఎర్ర తలెత్తి, "అమ్మా, అది మా కూడు" అంది. "ఛీ, కుళ్ళు తినే మొహమా!" అంది ఈవిడ. ఆ తర్వాత కోళ్ళని వదిలింది. "పిల్లలున్నాయి తల్లీ" అని ఎర్ర ఏడ్చింది. వినలేదు. ఆ తర్వాత, వేడివేడిది మట్టిలో పొయ్యకూడదని పెద్దలు చెబుతారా, ఆ మాటా మర్చిపోయి మరిగే గంజి తెచ్చి కుమ్మరించింది. ఇక ఎవరూ ఏమీ అడగలేదు.

పెరడు అద్దంలా అయింది. పాదు మాత్రం వాడిపోయి పిందెలు రాల్చేసింది.

వియ్యపురాలు వచ్చింది. "అదేంటి వదినా, పిల్లకి ఉత్తి కారప్పొడి అన్నమేనా? బీరకాయల్లేవూ?" అంది.

"ఎర్రలు పట్టి పాదు పోయింది వదినా" అని సూరీడమ్మ అబద్ధమాడేసింది.

"ఎర్రలు పచ్చటి వేరు జోలికి పోవే!" అంటూ ఆవిడ పుల్లతో మట్టి కెలికింది. గంజికి ఉడికిపోయిన ఎర్రలు బయటపడ్డాయి. ఆవిడ పుల్ల పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని నూకాలు అంతా చూసింది. సూరీడమ్మకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి, అందరూ చూస్తుండగానే, వాళ్ళు ఊడ్చి పారేసిన ఆకులు తట్టకెత్తి తెచ్చుకుంది. గుంట నింపింది. వానలు పడ్డాయి. ఆకు కుళ్ళింది. అప్పుడు ఎక్కణ్ణుంచో చిన్న ఎర్ర ఒకటి వచ్చి ఆవిడ కాలి మీదుగా పాకింది. ఆవిడ కాలు విదల్చలేదు. "తప్పయిపోయింది, తిను తల్లీ" అంది. ఎర్ర ఆకుల్లోకి దూరిపోయింది.

బీరకాయలు మళ్ళీ కాసాయా అంటావా? కాసాయమ్మా. కానీ అప్పటికి నూకాలు పథ్యం అయిపోయి, అత్తారింటికి వెళ్ళిపోయింది. మొదటి కాయ కోస్తూ కూడా సూరీడమ్మ తలెత్తలేదు.

కథ పోయె కంచికి,
కునుకొచ్చె కంటికి,
బుజ్జమ్మా, ఇక మంచానికి!