రెండు రాళ్ళ మధ్య పాట

అనగా అనగా, సముద్రం హోరు గుమ్మంలోకి వినిపించే ఒక చిన్న పేట ఉండేదమ్మా. దుప్పటి కప్పుకున్నావా? ఆఁ, ఇలా దగ్గరకు జరుగు. ఇది మామూలు కథ కాదు. మధ్యలో నిద్రపోయావంటే నీకే నష్టం!

ఆ పేట ముందు రెండు పెద్ద రాతిగుట్టలు సముద్రంలోకి చొచ్చుకుని ఉండేవి. ఒకటి అక్కరాయి, ఇంకోటి చెల్లిరాయి. రెండింటి మధ్యా సన్నటి దారి. చేపలకు వెళ్ళిన పడవ ఏదైనా ఆ దారిలోంచే ఒడ్డుకు రావాలి. కాస్త అటు జరిగినా, ఇటు జరిగినా రాయికి కొట్టుకుని ముక్కలైపోవాల్సిందే.

ఆ పేటలో కొర్లమ్మ అని ఒక ముసలమ్మ. నలభై ఏళ్ళు నెత్తిన చేపల గంప పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. డెబ్బయ్యో ఏడు వచ్చేసరికి మోకాళ్ళు ఇక మావల్ల కాదన్నాయి. అప్పుడు గంప కోడలు పైడమ్మ నెత్తి మీదకు వెళ్ళింది. కొర్లమ్మ గోడవార నులకమంచం మీదకు చేరింది.

మొదట ఆమె ఒడ్డుకు వెళ్ళడం మానేసింది. ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. ఆ తర్వాత తిండి కూడా సహించలేదు. కొడుకు ఎల్లాజీ భయపడి పక్కూరి నుంచి డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన గుండె చూశాడు, నాలుక చూశాడు, కళ్ళు చూశాడు. "అన్నీ బాగానే ఉన్నాయయ్యా" అని ఒక టానిక్కు సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

కొర్లమ్మకు మాత్రం తన జబ్బేమిటో తెలుసు. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా తనతో ఎవరికీ ఏ పనీ లేదు. అదీ ఆవిడ జబ్బు. దానికి సీసాలో మందుంటుందా, నువ్వే చెప్పు!

ఇలా ఉండగా ఒకరోజు ముత్యాలు వచ్చింది. ముత్యాలంటే కొర్లమ్మ చిన్ననాటి స్నేహితురాలు. పళ్ళన్నీ ఊడిపోయాయి కానీ వేళ్ళు మాత్రం చురుకు. చిరిగిన వల ఒకటి తెచ్చుకుని, నులకమంచం పక్కన కూర్చుని, కుట్టుకుంటూ కూనిరాగం తీసింది.

అది వాళ్ళమ్మల కాలం నాటి పాట. ఒడ్డున ఆడవాళ్ళు రెండు జట్లుగా నిలబడి, పడవల కోసం ఎదురుచూస్తూ పాడుకునే పాట.

"ఏలేలో ఏలేలో, ఎవరొస్తన్నారే?
మనోళ్ళే మనోళ్ళే, మనింటికొస్తన్నారే!
తెల్లారి ఎల్లినోళ్ళు..."

అక్కడ ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి ఏదో తప్పు మాట పెట్టి లాగించేసింది.

కొర్లమ్మ మంచం మీద అటు దొర్లింది, ఇటు దొర్లింది. ఇక ఉండబట్టలేక లేచి కూర్చుంది.

"అలక్కాదే ముత్యాలూ! పాట పాడు సేసేస్తన్నావు!" అని, తనే అందుకుంది.

"తెల్లారి ఎల్లినోళ్ళు ఎక్కడున్నారే?
కెరటాలు దాటినారు, తెడ్డేస్తన్నారే!"

గొంతు ఎలా వచ్చిందనుకున్నావు? ఏళ్ళ తరబడి మూసి ఉన్న తలుపు తెరిచినట్టు, కిర్రుమంటూ వచ్చింది! ముత్యాలు వల కింద పడేసి నవ్వింది. కొర్లమ్మ కూడా నవ్వింది. నవ్వీ నవ్వీ ఇద్దరికీ దగ్గొచ్చింది.

ఆ రోజు మధ్యాహ్నం కొర్లమ్మ చోడి అంబలి, అదేనమ్మా రాగి జావ, రెండు గిన్నెలు తాగింది. పైడమ్మ నమ్మలేక ఖాళీ గిన్నెను తిప్పి తిప్పి చూసింది.

ఆ తర్వాత రోజూ అదే పని. మర్నాడు గురమ్మ వచ్చింది, ఖాళీ కుండ మీద దరువేస్తానంటూ. ఆ తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు. మొత్తం ఎనిమిదిమంది ముసలమ్మలు! ఒకామెకు చెవుడు. ఒకామెకు ఆయాసం. ఒకామె మాటలు మర్చిపోయి తన మనవల పేర్లు పెట్టి పాడేసేది.

అప్పుడు ఒక పేచీ వచ్చింది. పాట ఎవరు ఎత్తుకోవాలి? నేనంటే నేనని ముత్యాలు, గురమ్మ కొంగులు బిగించారు. చూసి చూసి కొర్లమ్మ అంది, "ఒలే, మీ ఇద్దరినీ పక్కపక్కన కూకోబెడితే కొట్టుకు సస్తారు. ముత్యాలూ, నువ్వు ముగ్గుర్ని తీసుకుని అటెల్లు. గురమ్మా, నువ్వు మా జట్టు. ముత్యాలోళ్ళు అడగాల, మనం జవాబు సెప్పాల."

అలా రోజూ సాయంత్రం ఒడ్డున అటు నలుగురు, ఇటు నలుగురు. అటు వాళ్ళు "ఎవరొస్తన్నారే?" అని అడిగితే, ఇటు వాళ్ళు "మనోళ్ళే మనోళ్ళే!" అని బదులిచ్చేవారు. దూరం పెంచుకుంటూ పోయారు. దూరం పెరిగేకొద్దీ ఊపిరి బిగపట్టడం నేర్చుకున్నారు. కొర్లమ్మ మొదటిరోజు కర్ర పట్టుకుని ఇసకలో పది అడుగులు వేసింది. నెల తిరిగేసరికి పడవల దాకా నడిచింది. ఇంకో నెలకు, కూర్చుంటూ లేస్తూ, తన జట్టుతో చెల్లిరాయి మీదకే ఎక్కేసింది, ముత్యాలు జట్టు ఎదురుగా అక్కరాయి మీదకు! పైకి ఎక్కి చూస్తే ఎంత సముద్రమో! ఆమె గుండె చిన్నపిల్ల గుండెలా కొట్టుకుంది.

కానీ అందరికీ ఇది నచ్చలేదమ్మా. ఎర్రయ్య అని, కొర్లమ్మకు వరసకు బావ. డెబ్బై ఐదేళ్ళొచ్చినా ఇంకా పడవ నడుపుతాడు. పేటలో ఆయన మాటంటే మాటే. ఒకరోజు పదిమందిలో ఆయన గట్టిగా అన్నాడు.

"ఓలమ్మా మరదలా! ఈ వయసులో ఈ కూతలేటే? సేపలన్నీ బెదిరిపోయి అవతలి ఒడ్డుకెల్లిపోతన్నాయి!"

అందరూ గొల్లున నవ్వారు. కొర్లమ్మ నవ్వలేదు. గిర్రున తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. ఒకరోజు గడప దాటలేదు. రెండో రోజు దాటలేదు. మూడో రోజూ దాటలేదు. ముత్యాలు వచ్చి పిలిస్తే గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం కోడలు పైడమ్మ గంప దించి, వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. పైడమ్మ ఎక్కువ మాట్లాడే పిల్ల కాదు.

"అత్తా, నువ్వు మంచాన పడ్డాక నాతో ఒక్క మాటాడలేదు. ఎంత దిగులుగుండేదో! పాట మొదలెట్టాకే నన్ను 'తిన్నావా పైడీ' అని అడిగినావు. ఎర్రయ్య మావ నవ్వితే నవ్వనీ. నాకోసం పాడత్తా."

కొర్లమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ తర్వాత లేచి, కొంగు దోపుకుని, కర్ర అందుకుంది. "పద, సీకటి పడకముందే ఒక వరస పాడేద్దారి" అంది.

ఇప్పుడు గట్టిగా నా చెయ్యి పట్టుకో. అసలు కథ ఇక్కడుంది!

పుష్యమాసం. తెల్లవారకముందే పదకొండు పడవలు చేపలకు వెళ్ళాయి. ఒకదాంట్లో ఎర్రయ్య, ఎల్లాజీ ఉన్నారు. సూర్యుడు రావాల్సిన వేళకు సూర్యుడు రాలేదు. మంచు వచ్చింది! ఎలాంటి మంచనుకున్నావు? చెయ్యి చాపితే వేళ్ళు కనబడవు. సముద్రం లేదు, ఆకాశం లేదు. అక్కరాయి లేదు, చెల్లిరాయి లేదు. అంతా తెల్లగా ఒకటే గోడ!

పడవలు తిరిగొస్తున్నాయి. లోపలి నుంచి మగవాళ్ళ అరుపులు వినబడుతున్నాయి. కానీ ఎవరు ఎక్కడున్నారో తెలీదు. ఒడ్డు మీద ఆడవాళ్ళందరూ పరుగెత్తుకొచ్చి ఒక్కసారిగా అరిచారు. ఒకరు కొడుకును పిలిచారు, ఒకరు మొగుడిని పిలిచారు. అరుపులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, సముద్రంలో వాళ్ళకు నాలుగు వైపుల నుంచీ ఒడ్డే వినబడింది. అంతలో 'ఠప్'మని చప్పుడు! ఏదో పడవ ముక్కు రాయిని తాకింది.

అప్పుడు కొర్లమ్మ చేతికర్ర పైకెత్తి అరిచింది. "నోర్ముయ్యండి అందరూ!"

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"ముత్యాలూ! నీ జట్టుతో అక్కరాయెక్కు. గురమ్మా, మనం చెల్లిరాయి. రోజూ పాడినట్టే పాడాల. మన పాట ఎటునుంచి ఏదొస్తాదో ఆళ్ళకి తెలుసు. రెండు పాటల మజ్జెలోంచి వచ్చేస్తారు!"

ఎనిమిదిమంది ముసలమ్మలు, పాకుడు రాళ్ళ మీద, మంచులో! పాదం జారితే పట్టుకుంటూ, ఒకరి కొంగు ఒకరు పట్టుకుంటూ ఎక్కారు. కొర్లమ్మ మోకాలు రాతికి గీరుకుని నెత్తురొచ్చింది. ఆవిడ చూసుకోనేలేదు.

అక్కరాయి మీది నుంచి ముత్యాలు ఎత్తుకుంది. "ఏలేలో ఏలేలో, ఎవరొస్తన్నారే?"

చెల్లిరాయి మీది నుంచి కొర్లమ్మ బదులిచ్చింది. "మనోళ్ళే మనోళ్ళే, మనింటికొస్తన్నారే!"

అటు నుంచి ఒకటి, ఇటు నుంచి ఒకటి. గురమ్మ కుండ మీద దరువు, ధన్ ధన్ ధన్! ఒకసారి పాడారు. రెండుసార్లు పాడారు. మూడోసారి పాడుతుండగా, మంచులోంచి ఎర్రయ్య గొంతు వినిపించింది.

"ఒరేయ్! ఎడంపక్క అడుగుతన్నారు, కుడిపక్క సెప్తన్నారు! మజ్జెన పట్టుకు పోండ్రా!"

తెడ్ల చప్పుడు. ఆ తర్వాత మంచును చీల్చుకుంటూ ఒక నల్లటి ముక్కు. మొదటి పడవ! సరిగ్గా రెండు రాళ్ళ మధ్య నుంచి దూసుకొచ్చి ఇసకలో ఆగింది. ఆ వెనకే రెండోది. ఆ వెనకే మూడోది. ఒడ్డున పిల్లలు గంతులేస్తూ లెక్కపెట్టారు. ఐదు! ఏడు! తొమ్మిది! పది!

పదకొండోది రాలేదు.

అది ఎర్రయ్య పడవ. కొర్లమ్మ కొడుకున్న పడవ. ఎర్రయ్య తన పడవను లోపలే నిలిపి, మిగతా అందరికీ దారి చెప్పి పంపి, తను చివర ఉండిపోయాడమ్మా. అంత మొండివాడు, అంత మంచివాడు.

కొర్లమ్మ పాడుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది. ఆ తర్వాత గాలి మాత్రమే వచ్చింది. ఆ తర్వాత అదీ రాలేదు. పక్కనున్న గురమ్మకు ఆయాసం. మిగిలిన ఇద్దరికీ దగ్గు. అటు ముత్యాలు "ఎవరొస్తన్నారే?" అని అడిగింది. ఇటు నుంచి జవాబు లేదు. మళ్ళీ అడిగింది. జవాబు లేదు! ఒక్క పాటే వినబడితే పడవ అటే వెళ్ళి అక్కరాయికి కొట్టుకోదూ?

కొర్లమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి.

అప్పుడు ఆమె వెనక నుంచి ఒక గొంతు లేచింది. సన్నగా, వణుకుతూ, కానీ సూటిగా. "మనోళ్ళే మనోళ్ళే..."

ఎవరనుకున్నావు? పైడమ్మ! ఎన్నడూ ఒక్క పాట పాడని పైడమ్మ, అత్త వెనకాలే రాయెక్కి వచ్చింది. రోజూ గుమ్మంలో నిలబడి వింటూ వింటూ పాటంతా నేర్చేసుకుంది! ఆమె వెనక ఇంకో కోడలు అందుకుంది. ఇంకో కూతురు అందుకుంది. చెల్లిరాయి మొత్తం మోగిపోయింది! కొర్లమ్మ పాడలేకపోయినా రెండు చేతులూ ఎత్తి తాళం వేసింది. తాళం తప్పనివ్వలేదు, పాట ఆగిపోనివ్వలేదు.

మంచులో ఒక తెడ్డు చప్పుడు. ఇంకో తెడ్డు చప్పుడు. వచ్చింది! పదకొండో పడవ వచ్చింది! ఎల్లాజీ నీళ్ళలోకి దూకి, పరుగున వచ్చి తల్లిని చిన్నపిల్లను ఎత్తినట్టు రాతి మీది నుంచి ఎత్తుకుని దించాడు.

ఎర్రయ్య తడి పంచెతో నెమ్మదిగా వచ్చి కొర్లమ్మ ఎదురుగా నిలబడ్డాడు. ఏం హాస్యమాడతాడో అని అందరూ చూశారు. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మరదలా, రేపు నాకూ ఒక వరస నేర్పుతావేటి?"

కొర్లమ్మకు గొంతు లేదు కదా. తలూపింది. అంతే.

ఎర్రయ్య నేర్చుకున్నాడా అంటే, ఏం చెప్పమంటావు! ఆయనకు శ్రుతి ఎక్కడుందో ఈ జన్మలో దొరకలేదు. చివరకు కుండ ఇచ్చి దరువేయమన్నారు. మొదటి వారంలోనే మూడు కుండలు పగలగొట్టాడు. గురమ్మ ఎన్ని తిట్లు తిట్టిందో!

కొర్లమ్మ గొంతు పది రోజులకు మళ్ళీ వచ్చింది. కాస్త బరువుగా, కొత్తగా. సాయంత్రాలు ఇప్పుడు ఎనిమిదిమంది కాదు, ముప్పై మంది. ముసలాళ్ళు, కోడళ్ళు అందరూ ఒడ్డుకే. ఏళ్ళు గడిచాయి. కొర్లమ్మకు డెబ్బై ఎనిమిదో ఏడు వచ్చింది.

ఒక పొద్దున పైడమ్మ వాకిలి ఊడుస్తుంటే, లోపల అత్త ఏదో పాడుకుంటోంది. ఎన్నడూ వినని పాట. పైడమ్మ చీపురు పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"డెబ్బై ఏళ్ళు పాడినాను ఊరందరి పాట,
ఇన్నాళ్ళకి పుట్టినాది నా సొంత పాట..."

"అత్తా! ఇదెవరు కట్టిన పాటే?"

కొర్లమ్మ సిగ్గుపడిపోయింది. కొత్త పెళ్ళికూతురిలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నానే కట్టినాను పైడీ. ఇంకా రెండు చరణాలున్నాయి. కూకో, నువ్వే ముందు ఇనాల!"

పైడమ్మ చీపురు పక్కన పడేసి, అక్కడే, గడప మీదే కూర్చుంది.

కథ కదిలి కంచికి పోయె,
పడవ కదిలి ఒడ్డుకు పోయె,
మంచు కరిగి నింగికి పోయె,
మా బుజ్జి కన్ను నిద్దరకు పోయె!