అవధాని శాలువా కప్పిన నగారా

వీరగిరి కోటలో కంచరి పోలయ్య కొత్త నగారాలకు పాత తోళ్లు బిగించి ఆస్థాన విద్వాంసుణ్ణి మోసగించాడని చెబుతారు. అది నమ్మదగినది కాదు. ఏటా దసరాకు తోళ్లు మార్చే కోటలో పాత తోలు ఎక్కడిది?

జరిగింది వేరు. తాతల నాటి జంట నగారాలను చూసి, పైకి అదే రూపంలో, లోపల కంచు కాస్త పలుచన చేసి పోలయ్య కొత్త జతను పోతపోశాడు.

"పాత నాదం దీనికి రాదు ప్రభూ, కరిగించండి!" అన్నాడు విద్వాంసుడు నృసింహావధాని. రాజు తల ఊపబోయాడు. పోలయ్య రెండేళ్ల శ్రమ మంటలపాలయ్యేదే.

"కళ్లకు గంతలు కట్టుకుని వినండయ్యా," అన్నాడు పోలయ్య. "పాతదనిపించిన జతకు తమ శాలువా కప్పండి. రెండోదాన్ని నేనే కరిగిస్తాను."

మొదటి జత మోగింది. అవధాని పెదవి విరిచాడు. రెండో జత మోగగానే నాదం కోటగోడ ఈ కొస నుంచి ఆ కొసకు మేఘంలా కదిలిపోయింది. సభ అప్రయత్నంగా చేతులు జోడించింది. అవధాని కన్నీళ్లతో తడుముకుంటూ వెళ్లి శాలువా కప్పాడు.

"ఇదీ మన పెద్దల నాదం! ఆ రేకుడబ్బాలు కరిగించవోయ్!"

"చిత్తం. ముందు తోలు విప్పి చూద్దామయ్యా. పొరపాటున పెద్దలను కరిగిస్తే పాపం కదా!"

శాలువా కింది నగారా తోలు విప్పారు. లోపల అడుగున సరిగ్గా నెల కిందటి తేదీ చెక్కి ఉంది: శాలివాహన శకం 1626, తారణ సంవత్సరం, మాఘ శుద్ధ పంచమి.