నొప్పి లేని సారీ

ఊళ్ళో అందరి తెలివీ కలిపి ఒక బస్తా కడితే, అందులో ముప్పాతిక బస్తా తమ ఇంట్లోనే ఉందని నాగరత్నమ్మ గారి నమ్మకం. మిగిలిన పాతికా ఊరు పంచుకోవాలి. గోదావరి పాయకి ఇవతల లంకలో ఆవిడ ఇల్లు. ముగ్గురు కొడుకులు: పెద్దవాడు బుల్లెబ్బాయి, నడిపివాడు తాతబ్బాయి, ఆఖరివాడు దొరబాబు. ముగ్గురికీ మీసాలొచ్చి చాలా ఏళ్ళయింది, తెలివి మాత్రం ఇంకా దారిలోనే ఉంది. వాళ్ళ గొప్పల్లా ఒకటే, మాటంటే మాటే. ఎవరేం చెబితే అంతే చేస్తారు. వీసమెత్తు పెంచరు, వీసమెత్తు తగ్గించరు.

"ఊళ్ళో వాళ్ళు మాట వింటారండి. మేం మాటలో ఉన్నది వింటాం, ఆయ్" అనేవాడు తాతబ్బాయి మీసం దువ్వుకుంటూ.

ఆ ఎండాకాలం తాతబ్బాయి పెళ్ళాం వరాలు ఏడాదికి సరిపడా ఆవకాయ పెట్టింది. జాడీకి గుడ్డ కట్టి, "నేను రేవుకెళ్ళొస్తానండి. ఈ జాడీలో ఎవరు చెయ్యి పెట్టినా ఊరుకోను" అని గట్టిగా చెప్పింది. ఆవిడ అటు వెళ్ళిందో లేదో, తాతబ్బాయికి ముక్క మీదకి మనసు పోయింది. చెయ్యి పెట్టకూడదు. పెళ్ళాం మాట జవదాటే మనిషా? అంతే, పంచె ఎగ్గట్టి, పీట ఎక్కి, జాడీలో కాలు పెట్టాడు.

వరాలు తిరిగొచ్చేసరికి మొగుడు మోకాలి దాకా నూనె, కారంతో, కాలి వేళ్ళ మధ్య ముక్క ఇరికించుకుని ఊదుకుంటున్నాడు.

"ఏం చేసేరండీ!"

"చెయ్యి పెట్టలేదే! నీ మీదొట్టు!"

వరాలు బట్టలు మూటగట్టుకుని, పాయ దాటి పుట్టింటికి వెళ్ళిపోయింది.

రెండ్రోజులకి మామగారు భద్రంగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. "ఆవకాయ పోతే పోయింది. అల్లుడుగారొచ్చి మా అమ్మాయికి మనస్ఫూర్తిగా సారీ చెప్పి తీసుకెళ్ళాలి. శుక్రవారం దాకా చూస్తాను. ఆ తరవాత మా అమ్మాయి మా ఇంట్లోనే ఉంటుంది."

వరాలంటే తాతబ్బాయికి ప్రాణం. ఆవిడ వెళ్ళినప్పట్నుంచీ అన్నం సయించడం లేదు, ఆవకాయ కూడా లేదాయె. అయితే ఆ సారీ ఏమిటో తెలియకుండా ఎలా చెప్పడం? బస్సులో కాలు తొక్కినవాడు అంటాడు, కరెంటు తీసినవాడు అంటాడు, ఓట్లప్పుడు ముఖం చూపించి ఐదేళ్ళు కనపడనివాడూ అంటాడు. తెలియని మందు, తెలియని మాట నోట్లో వేసుకోకూడదని వాళ్ళమ్మ చెప్పింది. అందుకని రిటైరైన ఇంగ్లీషు మేష్టారు జోగారావు గారి దగ్గరికి వెళ్ళాడు.

మేష్టారికి చెప్పడానికి మనిషి దొరికి మూడేళ్ళయింది. ఇంకేముంది, కళ్ళజోడు పెట్టేసుకున్నారు.

"కూర్చోవోయ్. ఇది ఇవాళ్టి మాట కాదు, వెయ్యేళ్ళ పైమాటే. అప్పట్లో ఇంగ్లీషువాళ్ళు పుండునీ నొప్పినీ 'సార్' అనేవాళ్ళు."

ఇన్నేళ్ళూ ఈయన్ని అలాగే పిలిచానే అని తాతబ్బాయి నాలిక్కరుచుకున్నాడు.

"ఆ నొప్పితో నిండినవాడు సారీ. దుఃఖానికి 'సారో' అని ఇంకో మాటుంది. ఇది దాని బిడ్డే అనుకుంటారు లోకులు. కాదు, పోలికలు కలిశాయంతే. దీని కన్నతల్లి నొప్పి! ఇప్పుడో? తప్పు చేసినా సారీ, చెవిన పడకపోయినా సారీ, ఎవరైనా పోయినింటికెళ్ళినా సారీ. నొప్పి లేకుండా చెప్పే సారీ అబద్ధమోయ్ తాతబ్బాయ్! పచ్చి అబద్ధం!"

తాతబ్బాయి దండం పెట్టి ఇంటికి పరిగెత్తాడు. నలుగురూ చుట్టూ కూర్చున్నారు.

"ఒరే అబ్బాయ్, నీకిప్పుడెక్కడైనా నొప్పిగా ఉందా?" అడిగింది నాగరత్నమ్మ.

తాతబ్బాయి తల నుంచి కాళ్ళ దాకా తడుముకున్నాడు. "ఎక్కడా లేదమ్మా. గుండ్రాయిలా ఉన్నాను."

"అలా వెళ్ళి పెళ్ళానికి అబద్ధం చెప్తావా మరి?"

"దానికేవుందే అమ్మా" అని బుల్లెబ్బాయి రోకలి తెచ్చి తమ్ముడి బొటనవేలి మీద ఒక్కటి వేశాడు. తాతబ్బాయి కెవ్వుమని, సంతోషంగా కుంటుతూ రేవుకి పరిగెత్తాడు. పడవ అవతలొడ్డున ఉంది. అది వచ్చేలోగా కాలు నీళ్ళలో పెట్టుకు కూర్చున్నాడు. చల్లగా, హాయిగా ఉంది. పడవ వచ్చేసరికి నొప్పి కాస్తా పోయింది. నొప్పి లేని నోటితో పెళ్ళాం దగ్గరికి ఎలా వెళ్తాడు? నిజాయితీగా వెనక్కొచ్చేశాడు.

"నొప్పి కూడా మనతో పడవెక్కాలన్నయ్యా" అన్నాడు దొరబాబు. అని, తుమ్మముల్లు తెచ్చి మడమలో దించాడు.

ఈసారి నొప్పి పడవెక్కింది, దిగింది, మామగారి గడప దాకా వచ్చింది. గుమ్మంలో వరాలు. మొగుణ్ణి చూసి మూతి తిప్పుకుంది గానీ, ఆ కుంటుడు చూసి మనసు ఆగలేదు. "ఇలా కూర్చోండి" అని అరుగు మీద కూర్చోబెట్టి, పిన్నీసుతో ఒక్క లాగు లాగింది.

"పోయిందా నొప్పి?"

"పోయింది" అన్నాడు తాతబ్బాయి ఏడుపు మొహంతో. "ఎంత పని చేసేవే! సారీ అంతా అందులోనే ఉంది!"

వరాలు ముల్లు వంక చూసింది, మొగుడి వంక చూసింది, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"కంటికి కనపడబట్టే కదరా తీసేసింది" అని నాగరత్నమ్మ గురువారం నాడు స్వయంగా పూనుకుంది. పచ్చిమిరపకాయలు నూరి, కొడుకు రెండు కళ్ళలోనూ పిండింది. తల్లి చేతి వైద్యం, ఊరికే పోతుందా? తాతబ్బాయి ధారలు కట్టిన కళ్ళతో, గోడలు తడుముకుంటూ మామగారింటికి చేరాడు.

భద్రంగారు కంగారుగా లేచొచ్చారు. "ఏంటల్లుడుగారూ? ఏం జరిగింది?"

"అమ్మ... మా అమ్మే..." అన్నాడు. మంటకి మిగతా మాట పైకి రాలేదు.

ఇంకేముంది, ఇల్లంతా గొల్లుమంది. భద్రంగారు అల్లుడి భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి, "సారీ అల్లుడుగారూ" అన్నారు.

తాతబ్బాయి కళ్ళు నులుముకుంటూ, "మీకెక్కడండి నొప్పి, మావయ్యగారూ?" అనడిగాడు.

"నాకేం నొప్పి లేదండీ."

"మరెందుకండీ అబద్ధం?"

దుఃఖంలో మతి చలించిందనుకుని అందరూ ఇంకా ఏడ్చారు. రెండు పడవలనిండా జనం దండలు పట్టుకుని పాయ దాటారు. నాగరత్నమ్మ పెరట్లో చద్దన్నం తింటోంది. దండలు చూడగానే చెయ్యి కడుక్కుని, "ఇన్నాళ్ళకి మా ఇంటి తెలివికి సన్మానం చేస్తున్నారా, చెయ్యండి" అని మెడ వంచింది. వరాలు ఏడ్చిన కళ్ళతో అత్తగారి మెళ్ళో దండ చూసి, వచ్చిన పడవలోనే వెనక్కెళ్ళిపోయింది. "రేపే ఆఖరు" అన్నారు భద్రంగారు పళ్ళు కొరుకుతూ.

తెల్లారితే శుక్రవారం. అన్నదమ్ములు ముగ్గురూ కొబ్బరితోటకి పోయి కందిరీగల తుట్టె పట్టుకొచ్చి గోనెసంచిలో మూతి బిగించారు. పట్టడంలో దొరబాబుకి పదిహేను కాట్లు పడ్డాయి. పెళ్ళికాని వాడు, అన్ని సారీలు ఎవరికి చెప్పుకోవాలో తెలియక గేదెకి చెప్పాడు.

నలుగురూ సంచి మోసుకుంటూ మామగారి వాకిట్లో దిగారు. "వరాలూ, కాస్త దూరంగా నుంచో. ఇందులో తల పెడతాను, ఆపైన ఆ మాట చెప్తాను" అన్నాడు తాతబ్బాయి, సంచి మూతి మీద చెయ్యేసి.

"అసలేంటండీ ఈ ఖర్మ!" అంది వరాలు.

అప్పుడు చెప్పాడు, మేష్టారి దగ్గర్నుంచి మిరపకాయల దాకా అంతా. "నొప్పి లేకుండా చెబితే అబద్ధమవుద్దటే. నీతో నేనెప్పుడైనా అబద్ధం చెప్పేనా?"

వరాలు సంచి మీంచి మొగుడి చెయ్యి తీసేసింది. పక్కింటి మొగుడు రోజుకి పది సారీలు చెప్తాడు, పదకొండో తప్పుకి తయారవుతాడు. ఈ పిచ్చి మనిషి ఒక్క మాట నిజంగా చెప్పడానికి ఒళ్ళంతా తూట్లు పొడిపించుకుంటున్నాడు. ఆవిడకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

"ఆ మాట నాకొద్దండి. పదండి మనింటికి" అని మూట చంకన పెట్టుకుంది.

"తీసుకెళ్ళండి. ఆ సంచి కూడా తీసుకెళ్ళండి" అన్నారు భద్రంగారు రెండు చేతులూ జోడించి.

పడవ కదిలింది. తాతబ్బాయి ముఖం వెలిగిపోతోంది. వరాలు దగ్గరగా జరిగి, మెల్లిగా, "సారీ అండి. నేనూ తొందరపడి వచ్చేసేను" అంది.

తాతబ్బాయి ఉలిక్కిపడ్డాడు. "ఎక్కడైనా నొప్పిగా ఉందేంటే?"

"ఛ, లేదండి. ఇన్నాళ్ళకి హాయిగా ఉంది."

తాతబ్బాయి ముఖం మాడిపోయింది. ఆవిడ అత్తగారు వింటోంది, బావగారు వింటున్నాడు, మరిది వింటున్నాడు, పడవవాడు వింటున్నాడు. ఇంతమంది ఎదుట, నడిమి గోదాట్లో, బంగారంలాంటి పెళ్ళాం పచ్చి అబద్ధం ఆడేసింది! రేపు లోకం ఏమంటుంది? కట్టుకున్నవాడు కాకపోతే ఆవిడ పరువు ఇంకెవరు కాపాడతారు?

అంతే, సంచి మూతి విప్పేశాడు.

పడవవాడితో సహా అందరూ దబదబా నీళ్ళలోకి దూకారు. పడవలో కందిరీగలే మిగిలాయి. నాగరత్నమ్మా, కొడుకులూ ఇవతలొడ్డుకి కొట్టుకొచ్చారు. వరాలు మాత్రం కాట్లకి వాచిన ముఖంతో, వెనక్కి తిరిగి చూడకుండా పుట్టింటి ఒడ్డుకే బారలు వేసింది. తాతబ్బాయికి ఒళ్ళంతా కాట్లే, వేలు పెట్టడానికి చోటు లేనంత నొప్పి. తను చెప్పాల్సిన మాట చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదన్న సంగతి అతనికి తట్టనేలేదు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ ఊపుతూ, వాచిన పెదాలతో సంబరంగా కేకేశాడు.

"వరాలూ! ఇప్పుడు చెప్పవే! ఇప్పుడైతే నిజమే!"