చెప్పినవారే చెయ్యాలి

అనగనగా అని ఒకరు అనగా, ఆహా అని ఇంకొకరు వినగా, నాలుగు వీధులు తిరిగి నా చెవిన పడిన కథ ఇది.

గువ్వలపాలెం అని ఒక ఊరు. ఆ ఊళ్ళో వడ్లు పండేవి, నువ్వులు పండేవి, వాటన్నిటికంటే సలహాలు బాగా పండేవి. వాటికి ఎరువు అక్కర్లేదు, నీరు అక్కర్లేదు. ఎవరైనా ఏదైనా పని మొదలుపెడితే చాలు, ఇట్టే మొలిచేవి.

ఊళ్ళో అందరిలోకీ ముగ్గురు పెద్ద సలహాదారులు ఉండేవారు. మొదటివాడు నూనె అమ్మే పేరిశెట్టి. ఆయన అరుగు మీదనుంచి లేవకుండానే ఊరందరి ఇళ్ళూ కట్టించాడు, పెళ్ళిళ్ళూ చేయించాడు. రెండోది బంగారక్క. ఎవరి పొయ్యి మీద ఏముడుకుతోందో వాసన చూసి చెప్పేది, అందులో ఏం తక్కువైందో కూడా చెప్పేది. తన పొయ్యి మీద మాడే వాసన మాత్రం ఆమెకు తెలిసేది కాదు. మూడోవాడు గవరయ్య. పొరుగు చేలో నాగలి సాలు వంకరపోతే ఆయనకు అన్నం సయించేది కాదు. ఆయన చేను ఆయన భార్య దున్నించుకునేది.

ఒకనాడు ఆ దేశాన్ని ఏలే ధర్మకేతు మహారాజు పరివారంతో వెళ్తూ ఊరి బయట విడిది చేశాడు. ఊరు ఊరంతా చూడబోయింది. ఊరికే చూడటం గువ్వలపాలెం వాళ్ళకు అలవాటు లేదు.

"ఏనుగును అలాగేనా తోమడం? చెవుల వెనకాల మట్టి అట్టే ఉంది. పీచు పెట్టి పైనుంచి కిందికి తోమాలి గానీ!" అన్నాడు పేరిశెట్టి. ఆయన ఏనుగును చూడటం అదే మొదలు.

"పులుసులో బెల్లం పడలేదు. నన్నడిగితే సైన్యం మొత్తానికీ చారెడు మెంతిపొడితో రుచి తెప్పిస్తాను" అంది బంగారక్క.

"ఈ బాట వేసినవాడెవడో గాని, మధ్యన ఎత్తు పెట్టాలన్న ఇంగితం లేదు. వాన పడితే నీళ్ళు ఎటు పోతాయి?" అన్నాడు గవరయ్య.

డేరాలో ఉన్న రాజు ఇదంతా విన్నాడు. కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది.

"మంత్రీ! ఇన్ని తెలిసినవాళ్ళు ఒక్క ఊళ్ళోనే ఉంటే, మీ అందరినీ నేనెందుకు పోషిస్తున్నట్టు?"

"మహారాజా, వారికి చెప్పడం తెలుసని విన్నాం. చేయడం తెలుసో లేదో ఇంకా చూడలేదు" అన్నాడు మంత్రి.

"అయితే చూద్దాం" అన్నాడు రాజు.

మర్నాడే తలారి అప్పన్న డప్పు వేశాడు. "ఏ పని ఎలా చెయ్యాలో ఎవరు చెబితే, ఆ పని వారే చెయ్యాలహో! చెయ్యనివారు ఏడాదిపాటు రాజుగారి గుర్రపుశాలలో లద్దె ఎత్తాలహో!"

పేరిశెట్టి ఏనుగును తోమాడు. ఏనుగు తొండంతో ఆయన్నే తోమింది. బంగారక్క సైన్యానికి పులుసు పెట్టింది. సైనికులు మర్యాదస్థులు కనుక ఏమీ అనలేదు, ఆ పూట మజ్జిగతో తిని లేచారు. గవరయ్య బాట మధ్యన మట్టి పోసి ఎత్తు చేశాడు. మొదటి బండే ఒరిగిపోయింది.

రాజు తన దారిన వెళ్ళిపోయాడు. శాసనం మాత్రం ఊళ్ళోనే ఉండిపోయింది. అప్పన్న డప్పు మెడలో వేసుకుని, చెవులు రిక్కించుకుని, వీధులు తిరగసాగాడు.

ఊరు నిశ్శబ్దమైపోయింది.

శాసనం ఎక్కడిదాకా వర్తిస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకని అంతా మొత్తానికే నోళ్ళు మూసుకున్నారు. భోజనాల దగ్గర ఉప్పు తక్కువైతే మగవాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని మింగారే గాని మాట్లాడలేదు. ఈ భాగం ఆడవాళ్ళకు బాగానే నచ్చిందని విన్నాను. పేరిశెట్టి పెరట్లో ఎద్దు దూరి ఆనప్పాదు మేస్తుంటే, పదిమంది గోడ పక్కన నిలబడి చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. పాదు అయిపోయాక ఎద్దే విసుగు పుట్టి వెళ్ళిపోయింది.

అంతలో వానలు పట్టాయి.

ఊరికి ఎగువన వాగు. వాగుకూ ఊరికీ మధ్య మట్టిగట్టు. ఆ గట్టు కింద మొట్టమొదటి ఇల్లు, చల్ల అమ్ముకునే నూకాలమ్మది. ఒక పూరిల్లు, ఒక గేదె, ఒక దూడ. ఆమెకున్నది అంతే.

ఒక ఉదయం గేదెను విప్పబోయి చూస్తే, పాకలో కాలి మడమదాకా నీరు. ఎక్కడినుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ వెళ్ళింది. ఎండ్రకాయలు తొలిచిన బొరియ ఒకటి పెద్దదై, గట్టు అవతలి వాగునీటిని ఇవతలికి తెస్తోంది. నీటితో పాటు మట్టీ జారుతోంది. ఇంకో వాన గట్టిగా పడితే గట్టు తెగుతుంది. ముందు ఆమె ఇల్లు, తర్వాత ఊరు కొట్టుకుపోతాయి.

నూకాలమ్మ పరుగున పేరిశెట్టి దగ్గరికి వెళ్ళింది.

"శెట్టిగారూ, గట్టుకు బొరియ పడింది. ఏం చెయ్యమంటారు?"

శెట్టి వీధి అటూ ఇటూ చూశాడు. మూల మీద అప్పన్న నిలబడి ఉన్నాడు.

"ఈ ఏడు వానలు బాగున్నాయి నూకాలమ్మా" అన్నాడు.

బంగారక్క దగ్గరికి వెళ్ళింది. బంగారక్క గొంతు చూపించి, చెయ్యి తిప్పి, గొంతు పోయిందన్నట్టు సైగ చేసింది. ఆ మునుపటి క్షణమే కోడిని తిడుతూ వీధి చివరిదాకా వినబడింది.

గవరయ్య దగ్గరికి వెళ్ళింది. "మావా, గట్టు..." అని ఆమె అనేలోపే ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. "నేనేమన్నా అన్నానా? నేనేమీ అనలేదు. అన్నానని ఎవరైనా అంటే వాళ్ళే అన్నట్టు!"

నూకాలమ్మ తిరిగి వచ్చి గడపలో కూర్చుంది. వీళ్ళు మంచివాళ్ళే. లద్దె మోయడానికి భయం, అంతే. ఆ భయం కంటే పెద్దది వీళ్ళ దగ్గర ఏముంది?

కూర్చుని ఆలోచించింది. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో చల్ల అమ్ముతోంది. ఎవరి గుమ్మంలో ఎవరేం మాట్లాడతారో ఆమెకు తెలుసు. ఈ ఊరివాళ్ళు ఆకలి ఓర్చుకుంటారు, ఎండ ఓర్చుకుంటారు, అల్లుళ్ళను కూడా ఓర్చుకుంటారు. కళ్ళ ముందు ఎవరైనా పని తప్పుగా చేస్తుంటే మాత్రం ఓర్చుకోలేరు.

ఆమె లేచి ఒక తట్ట తీసుకుంది. దాని నిండా ఇసుక ఎత్తుకుంది. సరిగ్గా అందరికీ కనబడేటట్టు గట్టెక్కి, ఊరివైపున బొరియ నోటి దగ్గర ఇసుక గుమ్మరించింది. నీళ్ళు ఇసుకను తీసుకుపోయాయి. మళ్ళీ దిగి మళ్ళీ తెచ్చింది. మళ్ళీ గుమ్మరించింది.

ఒకరు చూశారు. ఇంకొకరిని పిలిచారు. కాసేపట్లో ఊరంతా గట్టు కింద చేరింది. అప్పన్న కూడా వచ్చాడు.

నూకాలమ్మ మళ్ళీ ఇసుక పోసింది.

గవరయ్య మొహం ఎర్రబడింది. పై పంచె కొంగు నోట్లో కుక్కుకున్నాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. నూకాలమ్మ ఆ ఇసుకను అరచేత్తో ముద్దుగా తట్టింది, దూడను నిమిరినట్టు.

అది గవరయ్య తట్టుకోలేకపోయాడు.

"ఇసుక నిలుస్తుందటే పిచ్చిదానా! బంకమట్టి! బంకమట్టి తేవాలి!"

అప్పన్న డప్పు మీద ఒక్కటి వేశాడు. "చెప్పినవారే చెయ్యాలి!"

గవరయ్య తల పట్టుకుని, బంకమట్టి తవ్వడానికి పోయాడు. తట్ట నిండా తెచ్చాడు. నూకాలమ్మ ఆ మట్టిని తీసుకుని, చక్కగా మళ్ళీ ఊరివైపునే పెట్టబోయింది.

పేరిశెట్టి ఊపిరి బిగబట్టాడు. చెవులు మూసుకున్నాడు. అవి మూసుకుంటే లాభం లేదు, ఆపవలసింది నోటిని.

"ఇటు కాదమ్మా! వాగువైపునుంచి మూయాలి! నీళ్ళు వచ్చే నోరు మూయకుండా పోయే నోరు మూస్తావేం!"

డప్పు మోగింది. శెట్టిగారు, జరీ అంచు పంచె పైకి కట్టి, మొలలోతు వాగులోకి దిగారు. ఆ దృశ్యం చూసినవాళ్ళు ఇప్పటికీ అడగ్గానే చెబుతారు.

మట్టి పడింది. నూకాలమ్మ దాని మీద వేలికొసలతో మెల్లగా అద్దసాగింది.

"అది పిండివంటా, వేళ్ళతో అద్దడానికి? తొక్కాలి! ముద్ద కుదిరేదాకా కాళ్ళతో తొక్కాలి!" అంది బంగారక్క. గొంతు శుభ్రంగా వచ్చేసింది.

ముగ్గురూ మూడు చోట్ల దిగారు. పని మొదలైంది గదా, ఇంక ఊరు ఆగుతుందా? "గడ్డి కలపండర్రా" అని ఒకడన్నాడు, గడ్డి తెచ్చాడు. "ముళ్ళకంప అడ్డం వేస్తే మట్టి జారదు" అని ఇంకొకడన్నాడు, కంప కొట్టుకొచ్చాడు. డప్పు ఆగకుండా మోగింది. చివరికి అప్పన్నకే విసుగొచ్చింది. "ఒక్కొక్కరూ అలా పరిగెడతారేంటయ్యా? వరస కట్టి తట్టలు అందించుకోండి!" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

ఊరంతా ఆగి అతని వైపు చూసింది. అప్పన్న డప్పు మీద తనకోసం తానే ఒకటి వేసుకుని, దాన్ని చెట్టుకు తగిలించి, వరసలో నిలబడ్డాడు.

సాయంత్రం వాన వచ్చింది. కుండపోతగా వచ్చింది. వాగు గట్టు అంచుదాకా పొంగింది. ఊరంతా తడుస్తూ గట్టు మీదే నిలబడింది. నూకాలమ్మ దూడ తాడు పట్టుకుని, బొరియ ఉన్న చోటునుంచి చూపు తిప్పలేదు. నీటిబొట్టు కూడా ఇవతలికి రాలేదు.

వానలు తగ్గాక రాజు గట్టు చూడటానికి వచ్చాడు. జరిగినదంతా విన్నాడు. గట్టు పొడుగునా నడిచి, తృప్తిగా తల ఊపి, "బాగుంది. కానీ ఇంకో జానెడు ఎత్తు పెంచాల్సింది" అన్నాడు.

 మంత్రి ఆకాశం వైపు చూశాడు.

నూకాలమ్మ దండం పెట్టి, "మహారాజా, తెలియక అడుగుతున్నాను. ఆ శాసనం ఊళ్ళోవాళ్ళకేనా, దారినపోయేవాళ్ళకు కూడానా?" అంది.

 రాజు కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, తట్ట అడిగాడు. మట్టి ఎత్తుకుని రెండడుగులు వేశాడో లేదో, తట్ట పక్కకు ఒరిగి మట్టంతా భుజం మీద పడింది.

"తలమీద గుడ్డతో చుట్టకుదురు పెట్టుకోవాలి మహారాజా!" అన్నారు ముప్ఫైమంది ఒక్కసారిగా. అన్న పాపానికి ముప్ఫైమందీ తట్టలు ఎత్తారు. సాయంత్రానికి గట్టు జానెడు కాదు, మూరెడు లేచింది.

రాజు ఆ మట్టి బట్టలతోనే శాసనం మార్చాడు. లద్దె శిక్ష తీసేశాడు. చెప్పినవాడు ఒంటరిగా చెయ్యనక్కర్లేదు, ముందు తను చెయ్యి వేస్తే చాలు, విన్నవాళ్ళందరూ తలో చెయ్యి వెయ్యాలి అన్నాడు. ఆనాటినుంచి గువ్వలపాలెంలో మళ్ళీ మాటలు మొదలయ్యాయి. మునుపటికంటే తక్కువేమీ కాదు. పేరిశెట్టి మాత్రం ఏదైనా చెప్పబోయే ముందు పంచె పైకి కట్టుకుంటాడు.

పిల్లలూ, ఇందులో నీతి ఇదీ: సలహా చెప్పడం తప్పు కాదు, చెప్పి చేతులు కట్టుకుని కూర్చోవడం తప్పు, అంతకంటే పెద్ద తప్పు, చెప్పేవాళ్ళ నోరు మూయించడం.