ఎడమ అంచు

అనగనగా, మనకన్నా ముందే పొద్దు పొడిచే జపాను దేశంలో, సముద్రం ఒడ్డున ఒక కోట. ఆ కోట దొరకు కొతొనె ఒక్కతే కూతురు. మూడు నెలలుగా ఆ పిల్ల జ్వరంతో పరుపు మీంచి లేవలేదు.

దొరకు భయం పట్టుకుంది. భయపడ్డ దొర చేతిలో కత్తి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

"నా బిడ్డ కిమోనో కట్టుకుని నిలబడినట్టు బొమ్మ వేయండి. అది చూసి తను లేచి కూర్చోవాలి. బొమ్మలో అపశకునం కనిపించిందో, తల తీయిస్తాను!" అని చాటింపు వేయించాడు.

మొదటి చిత్రకారుడు కిమోనో నిండా బంగారు కొంగలు వేశాడు. "అబ్బా, ఎంత బరువు!" అని కొతొనె మొహం తిప్పుకుంది. అదే అపశకునమని అతన్ని చెరలో వేశారు. రెండో అతను ఆ పిల్ల మొహం ఉన్నదున్నట్టు వేశాడు, పాలిపోయిన బుగ్గలతో సహా. ఆమె బావురుమంది. అతన్నీ చెరలో వేశారు. తలలు తీయడానికి మర్నాడే ముహూర్తం.

ఊళ్లో మిగిలిన చిత్రకారులంతా అడవి పట్టారు. భటులు ఇల్లిల్లూ వెతుకుతూ కినుయో పెరట్లోకి వచ్చారు. కినుయో కిమోనోలు ఉతికే ముసలమ్మ. ఈమధ్యే సరదాగా కుంచె పట్టింది. ఆమెకు వచ్చిందల్లా కోడిగుడ్డులాంటి మొహం, వంపు తిరిగిన ఒక గీతతో వీపు, వెడల్పాటి రెండు చేతులు, నడుముకు ఎర్రపట్టీ. బట్టంతా ఒకే నీలం, మెడ దగ్గర రెండు తెల్ల అంచులు. అలా వేసి పెరట్లో ఆరేసిన ఒక బొమ్మతో సహా ఆమెను లాక్కుపోయారు.

దొర బొమ్మ చూసి మెత్తబడ్డాడు. కొతొనె పడుకున్నది ఆయన వెనకున్న తెర అవతలే. "బాగుంది. లోపలికి తీసుకెళ్లండి" అన్నాడు.

అప్పుడే కినుయో చూపు బొమ్మ మెడ మీద పడింది. అయ్యో, అంచు తారుమారైంది!

కిమోనో ముందువైపు రెండు అంచులనూ ఒకదాని మీద ఒకటి కప్పి కడతారు. ఆ దేశంలో బతికున్నవాళ్లు ఎడమ అంచు పైకి వచ్చేలా కట్టుకుంటారు. కుడి అంచు పైకి వస్తే అది శవానికి కట్టే తీరు. కినుయో ఉతికే తొట్టి నీళ్లలో తన రూపం చూసుకుంటూ బొమ్మ వేసింది. నీళ్లలో ఎడమ కాస్తా కుడి అయింది! వేల కిమోనోలు మడతపెట్టిన చేతులే ఆ తప్పు చేశాయి.

ఎవరూ గమనించలేదు. నోరు మూసుకుంటే ఇంటికి పోవచ్చు. కానీ ఆ పిల్ల చూస్తే? చెబితే తల పోతుందని ఆమెకు భయమే. అయినా నేల మీద సాగిలపడింది.

"దొరా, తప్పు చేశాను. నేను వేసింది శవం కట్టు. ఈ బొమ్మ పాపకు చూపించొద్దు."

కత్తి ఒరలోంచి బయటికి వచ్చింది. కినుయో కళ్లు గట్టిగా మూసుకుంది.

"నాన్నా, ఆగు!" తెర వెనక నుంచి సన్నటి గొంతు. "నువ్వూ, వైద్యుడూ, దాసీలూ అందరూ నా దగ్గర ఏదో దాస్తున్నారు. జ్వరం కన్నా నాకు అదే భయం. ఈ అవ్వ ఒక్కతే దాచలేదు. అవ్వా, ఆ తప్పు దిద్దొచ్చా?"

"దిద్దొచ్చు తల్లీ. బట్టంతా ఒకే రంగు, ఉన్నవి నాలుగు గీతలు. కొత్తగా కుంచె పట్టినవాళ్లైనా దిద్దగలరు."

"అయితే నేనే దిద్దుతాను."

తెర తీశారు. కొతొనె మోచేతుల మీద లేచింది, మెల్లగా కూర్చుంది. పైనున్న తెల్ల అంచును నీలంతో కప్పింది. ఎడమ నుంచి కొత్త అంచు లాగింది. శవం కట్టు పోయి, బొమ్మలోని మనిషికి ప్రాణం వచ్చినట్టయింది. కూతురు కూర్చోవడం చూసిన దొర చేతిలోంచి కత్తి జారి నేల మీద పడింది. ఆ సాయంత్రమే చెర తలుపులు తెరిచారు.

పిల్లలూ, భయపడి దాచిన తప్పు అలాగే ఉండిపోతుంది. భయపడుతూనైనా బయటికి చెప్పిన తప్పును ఒక్క గీతతో దిద్దుకోవచ్చు.