కాళ్ళు నీళ్ళలో ఉన్న గేదె

పాఠం మొదలైందంటే వీణ పైడిరాజు మాస్టారి చేతులు రెండూ కండువా కిందికి వెళ్ళిపోయేవి. శిష్యుల వీణను ఆయన ముట్టుకునేవారు కాదు. తప్పు వాయిస్తే గొంతెత్తి పాడేవారు, "మళ్ళీ" అనేవారు, వచ్చేదాకా ఓపిగ్గా కూర్చునేవారు. మాస్టారికి విద్య దాచుకునే గుణం ఉందని ఊళ్ళో చెవులు కొరుక్కునేవారు. ఎవరెన్ని అనుకున్నా ఆ కండువా మాత్రం కదిలేది కాదు.

హైమవతి చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు తనే నలుగురు పిల్లలకు పాఠాలు చెప్పబోతూ ఆశీర్వాదం కోసం వచ్చి, కడుపులో ఎన్నాళ్ళుగానో దాచుకున్న మాట బయటపెట్టేసింది.

"మాస్టారూ, నా వీణ మీద మీరు ఒక్కసారైనా వాయించి చూపలేదు. నేనంత పనికిరానిదాన్నా?"

మాస్టారు వసారాలోకి చూశారు. అక్కడ ఆయన మనవరాలు ధాత్రి అట్టముక్క ముందు బోర్లా పడుకుని ఉంది. చదివేది ఒకటో తరగతి. ఇంట్లో వాగుడుకాయ, బళ్ళో మూగనోము. నచ్చిన జంతువు బొమ్మ వేసుకెళ్ళి రేపు క్లాసులో దాని గురించి చెప్పాలట.

"దానికి కాస్త సాయం చెయ్యమ్మా. బళ్ళో ఒక్కసారి నోరు విప్పితే చాలని వాళ్ళమ్మ మొక్కుకుంటోంది. నీ మాట సంగతి తర్వాత చూద్దాం" అన్నారు.

ధాత్రి వేసింది గేదె. ఒక నల్లటి ముద్ద, రెండు కొమ్ములు, ఒక కన్ను, అంతే.

"కాళ్ళేవే?" అంది హైమవతి.

"నీళ్ళల్లో ఉన్నాయత్తా."

హైమవతికి నవ్వొచ్చింది. ఇక చెయ్యి ఊరుకుంటుందా! కొత్త అట్ట తెప్పించి, నాలుగు కాళ్ళతో, మెలితిరిగిన కొమ్ములతో, కుచ్చుతోకతో నిండైన గేదెను నిలబెట్టింది. పక్కన పచ్చగడ్డి కూడా వేసింది. గేదె గడ్డి తింటుంది, పాలిస్తుంది అని వల్లె వేయించింది. ఇల్లంతా ఆ బొమ్మను మెచ్చుకుంది. ధాత్రి మాత్రం తన పాత అట్టముక్కను మంచం కిందికి తోసేసింది.

మర్నాడు ఆ అట్ట పట్టుకుని క్లాసులో నిలబడ్డ పిల్ల పెదవి కదపలేదు. ఎందుకే అని ఇంట్లో అడిగితే, "అది హైమత్త గేదె. నాకు తెలీదు" అని వెక్కివెక్కి ఏడ్చింది. టీచరమ్మ మంచిది కాబట్టి రేపు మళ్ళీ చెప్పమంది.

కబురు విని హైమవతి పరుగున వచ్చింది. పాపం, ఆమె ముఖం ఇంతయిపోయింది. పాత అట్టముక్క వెతికి పిల్ల ముందు పెట్టి, తన చేతులు రెండూ కొంగులో చుట్టుకుని కూర్చుంది.

"మరి ఇదెవరి గేదె?"

"మా గౌరి! కాలవలో దిగిందంటే ఎవరు పిలిచినా రాదు, మామ్మ పిలిస్తేనే వస్తుంది. నేను పిలిస్తే చెవులు ఆడిస్తుంది, అంతే" అంటూనే పిల్ల నీలిరంగు అందుకుంది. అట్ట మీద కాలవ గట్టు దాటి పారింది. కొమ్ముల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయింది. హైమవతి వేళ్ళు కొంగులో గిజగిజలాడాయి. అయినా ఆమె వాటిని బయటికి రానివ్వలేదు.

మర్నాడు బడి కిటికీ పక్కన నిలబడి విన్నది. ధాత్రి గౌరి కబుర్లు మొదలుపెట్టి, గంట కొట్టినా ఆపలేదు. "ఇక కూర్చో తల్లీ" అని టీచరమ్మే బతిమాలుకోవలసి వచ్చింది.

హైమవతి అక్కడి నుంచి నేరుగా మాస్టారింటికి వచ్చింది. తను అపస్వరాలు పలికించిన మధ్యాహ్నాలన్నీ, ఎదురుగా కదలకుండా కూర్చున్న ఆ కండువా గుర్తొచ్చాయి. ఇన్నాళ్ళూ నిష్ఠూరపడ్డందుకు సిగ్గేసింది. అంతకు మించి, ఇలాంటి గురువు దొరికినందుకు గుండె నిండిపోయింది. ఆయన పాదాలకు దణ్ణం పెట్టింది.

"చేతులు ఆగాయా, అమ్మా?" అన్నారు మాస్టారు.

"ఆగలేదు మాస్టారూ. కొంగులో కట్టేసుకున్నాను."

మాస్టారు కండువా సర్దుకున్నారు.

"నాకూ అంతేనమ్మా, ఇన్నేళ్ళూను."