పసుపు బస్తాల లారీ

అనగనగా ఓ పెద్ద కొండ. కొండమీద అడవి, అడుగున సంత, నడుమ మలుపుల మీద మలుపులతో ఘాట్ దారి. ఆ దారిన బండ్లు నడిపేది జంతువులే సుమా.

పసుపు బస్తాల లారీ ఎలుగుబంటి భల్లక్కది. బడిపిల్లల వ్యాను నక్క జంబుకయ్యది. దిగే ముందు అందరూ కొండమ్మ గుడి దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. ఆ తర్వాత చాలామంది గేరు తీసేసి బండిని పల్లానికి వదిలేసేవారు. డీజిలు మిగులుతుంది, మిగతాది అమ్మ చూసుకుంటుందని వాళ్ల ధీమా.

భల్లక్క కూడా నిమ్మకాయ తొక్కించేది. కానీ మొదటి గేరు వేసి, అడుగులో అడుగు వేసినట్టు దిగేది. ఆమె అన్న గేరు తీసి దిగుతూ దారి పక్క లోయలో పడి పోయాడు. ఆ దుఃఖం ఆమెకు ఇంకా ఆరలేదు. ఈ దారి మరొకర్ని మింగకూడదని ఆనాడే పట్టుపట్టింది.

మొదటిరోజు గేరు తీసేసి వస్తున్న జంబుకయ్య మలుపులోనే ఆమెను దాటేశాడు. భల్లక్క తొందరపడలేదు. రెండోరోజు దాటుతూ, నత్తలు కూడా సంతకు చేరిపోయాయని ఎగతాళి చేశాడు. సాయంత్రం ఆమె అతణ్ణి ఆపి, ఒక్క బ్రేకునే నమ్ముకుంటే కాలిపోతుంది, పిల్లలున్న బండి, గేరు తీయొద్దని బతిమాలింది.

"నిమ్మకాయ తొక్కించానుగా అక్కా," అన్నాడు నక్క.

"నిమ్మకాయ అమ్మకి తమ్ముడూ. గేరు మనకి," అంది భల్లక్క.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

మూడోరోజు భల్లక్క సగం కొండ దిగేసరికి వెనక హారను ఆగకుండా మోగింది. అద్దంలో చూస్తే వ్యాను దూసుకొస్తోంది. చక్రాల దగ్గర పొగ. కిటికీల్లో ఏడుస్తున్న కుందేలు పిల్లలు. బ్రేకు పోయిందని ఆమెకు అర్థమైపోయింది. ముందున్నది అన్నను మింగిన మలుపే.

పక్కకు తప్పుకుంటే వ్యాను లోయలో పడుతుంది. ఉన్నచోటే ఆగితే లారీకి గుద్దుకుని నుజ్జవుతుంది. భల్లక్క స్టీరింగు మీద పట్టు సడలనివ్వలేదు. ఏనాడూ తొందరపడనిది ఆ ఒక్కసారి పై గేరు వేసి లారీని ఉరికించింది. రెండు బండ్ల వేగం ఒకటయ్యాక వ్యాను మూతి వచ్చి బస్తాలకు మెత్తగా ఆనింది. అప్పుడు మళ్లీ చిన్న గేరు వేసి, ఇన్నాళ్లూ చల్లగా కాపాడుకున్న బ్రేకు తొక్కింది. రెండు బండ్లూ మూలుగుతూ, నెమ్మదిస్తూ, మలుపు అంచున ఆగాయి.

ఓ బస్తా చిట్లి వ్యాను మొహమంతా పసుపైంది. పిల్లలకు గీత కూడా పడలేదు. జంబుకయ్య దిగివచ్చి భల్లక్క చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"రేపటినుంచి నీ వెనకే దిగుతానక్కా."

"నా వెనక దిగితే చాలదు. గేరులో దిగు," అందామె కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాత ఆ కొండమీద ఏ బండీ గేరు తీసి దిగలేదు. నిమ్మకాయలు మాత్రం ఎప్పటిలాగే తొక్కిస్తున్నారు. కథ కొండ దిగింది, పిల్లలు ఇల్లు చేరారు.

నీతి: ఎంత మొక్కు మొక్కినా, పల్లంలో పగ్గం మన చేతిలోనే ఉండాలి.